చేపలు... ఓవర్!

"నా దండెం గొట్టం ఏదండీ?" అని అడిగాను. అడిగింది చిన్న మాటే.

"అది ఇప్పుడు దండెం గొట్టం కాదు ఇందూ, మాస్టు," అన్నారు మావారు వెంకట్రాజుగారు.

"మాస్టో, మాస్టారో! ఈ తడిబట్టలు ఎక్కడ ఆరెయ్యమంటారు?"

"కాస్త ఓపిక పట్టు. మనిల్లు కంట్రోలు రూము కాబోతోంది."

బకెట్టు అక్కడే దించేశాను. ఆ పూటంతా మేమిద్దరం మా అత్తగారు వీరరాఘవమ్మగారి ద్వారానే మాట్లాడుకున్నాం. "అత్తయ్యగారూ, మీ అబ్బాయిగారు పులుసు వేసుకుంటారేమో అడగండి," అని నేను. "వేసుకుంటానని చెప్పమ్మా," అని ఆయన. మధ్యలో ఆవిడ మెడ నొప్పెట్టింది.

సంగతేమిటంటే, మేముండేది ఏలూరు, మా చేపల చెరువు కొల్లేటికోట దగ్గర. ఈ ఏడు మా ఆశలన్నీ ఆ చెరువు మీదే. మబ్బు పట్టిందంటే నీళ్ళలో గాలి తగ్గి, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేస్తాయి. ఒక్క పూట ఏమరితే పంటంతా తేలిపోతుంది. కాపలాకి మత్తయి ఉన్నాడు గానీ, ఆ గట్టు మీద ఫోను పలకదు. అందుకని మావారు రోజూ పొద్దున్నే లేచి వెళ్ళి చూసి రావాలి. చెరువంటే ఆయనకి ఇష్టమే. పొద్దున్నే లేవడమే గిట్టదు.

పడక్కుర్చీలో కాఫీ తాగుతూ చెరువుని ఏలాలని, లైసెన్సు తీసుకుని మరీ రెండు రేడియో సెట్లు కొన్నారు. ఒకటి గట్టు మీద మత్తయికి. ఇంకోటి మా హాల్లో. హాల్లో సెట్టుకి మేడమీద ఏంటెనా. ఆ ఏంటెనాకి నా దండెం గొట్టం.

నిటారుగా ఒక కడ్డీ, దాని కింద ఏటవాలుగా నాలుగు కడ్డీలు. అచ్చం గుడ్డ ఊడిపోయిన గొడుగు.

"పోనీ వీటిమీద తువ్వాళ్ళు ఆరేసుకోనా?" అన్నాను.

"ముట్టుకోకు!"

వైరు ఏంటెనాతో కలిసేచోట నీళ్ళు దిగకూడదట. రబ్బరు టేపు తెచ్చి, పైనుంచి కిందికి చుట్టుకుంటూ వస్తున్నారు.

"పైనుంచి చుడితే ప్రతి మడతలోకీ వాన దిగదా అండీ? పెంకులైనా కిందినుంచే వేసుకొస్తారు, పై వరస కింది వరసని కప్పేలా."

"ఇది పెంకుటిల్లు కాదు ఇందూ, టెక్నాలజీ."

"వైరునీ కిటికీలోకి తిన్నగా దించేశారు. బయట కాస్త కిందికి వేలాడేసి పైకి తిప్పితే, నీళ్ళు అక్కడే రాలిపోతాయి కదా?"

"వేలాడితే అందంగా ఉండదు," అన్నారు, లుంగీ ఎప్పుడూ ఒకపక్కకి వేలాడే మనిషి.

ఇక మత్తయికి పాఠం. "మాట అయిపోగానే 'ఓవర్' అనాలి. అప్పుడే ఇవతల నేను అందుకుంటాను. తెలిసిందా?"

"ఆయ్. అలాగేనండి."

"ఆయ్ కాదు, ఓవర్!"

"ఆయ్. ఓవరండి."

మర్నాడు తెల్లవారేసరికి కుండపోత. మావారు పడక్కుర్చీలో కాఫీ గ్లాసుతో రాజసంగా మీట నొక్కారు.

"మత్తయీ, చేపలెలా ఉన్నాయి? ఓవర్."

గరగర, బరబర. "చేపలు... ఓవర్!"

కాఫీ గ్లాసు గాల్లో ఆగిపోయింది. "అన్నీనా? ఓవర్!"

గరగర. "అన్నీ... ఓవర్!"

"ఎప్పుడురా? ఓవర్!"

"పొద్దున్నే... ఓవర్!"

మావారు కూలబడిపోయారు. అప్పటికే కూర్చుని ఉన్నారు కనక ఇంకాస్త కిందికి.

"ఇంకోసారి అడగండి," అన్నాను.

"ఇంకేం అడగనే! అడిగినప్పుడల్లా చెప్పాడుగా, ఓవరని!"

"ఆ మాట నేర్పింది మీరే కదండీ!"

వినేవారెవరు? పినమామగారు అబ్బాయిరాజుగారికి ఫోనులో "చెరువు పోయింది బాబాయ్!" అని ఒక్క ముక్క చెప్పి, చచ్చిన చేపలు కుళ్ళకుండా ఆటో నిండా ఐసు వేయించుకుని కొల్లేటికోటకి బయల్దేరారు.

అత్తగారు శోకాలు అందుకున్నారు. కాసేపటికి అబ్బాయిరాజుగారు తడిసిన గొడుగుతో, ఆరిన మొహంతో పరామర్శకి వచ్చారు.

"గట్టు తెగిందా అమ్మా?"

"తెలీదండీ."

"ఎవరైనా మందు కలిపారా?"

"తెలీదండీ."

"మరేం తెలుసమ్మా?"

"ఓవరని తెలుసండీ."

"ఓవరే మరి! నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నాను, మీ ఆయనవన్నీ ఓవరే!"

నాకూ ఏడుపు రాబోతోంది. ఇంతలో టప్‌మని చప్పుడైంది. కిటికీలోంచి వైరు వెంబడి జారిన నీటిబొట్టు సెట్టు పక్కన పడింది. దాని వెనకే ఇంకోటి.

సెట్టు ఆపేశాను. వాన వెలిశాక అత్తగారితో మేడెక్కి, ఆ టేపు విప్పాను. కొబ్బరిబోండం కొట్టినట్టు నీళ్ళు చేతిమీదికి కారాయి.

"జాడీకి వాసెన ఎంత బిగించి కడితే ఏంటమ్మా," అన్నారు అత్తగారు, "లోపల తడుంటే ఆవకాయ బూజు పట్టదూ!"

పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, కొత్త టేపు కిందినుంచి పైకి చుట్టాను. వైరుని కిటికీ బయట ఒక వంపు తిప్పాను. కిందికొచ్చి భయంభయంగా మీట నొక్కాను.

"మత్తయీ, చేపలు... ఉన్నాయా?"

గంట కొట్టినట్టు పలికింది. "ఎక్కడికెళ్తాయండి! చేపలు మేతకొచ్చాయండి, అన్నీ బాగున్నాయండి, పొద్దున్నే గాలి మిషను వేశానండి. అయ్యగారికి ఇదే కదండి చెప్పాను. ఓవర్."

"ఆయనొచ్చారా?"

"ఆయ్, వచ్చారండి. చచ్చిన చేపలేవిరా అంటారండి. ఒక్కటీ చావలేదండి అంటే, నన్ను ఓదార్చకురా అని ఏడుపండి. ఆఖరికి ఓ బొచ్చె చేపని పట్టి చేతికిచ్చానండి. తోకతో మొహమ్మీద ఒక్కటిచ్చింది. అప్పుడు నమ్మారండి. ఓవర్."

మావారు మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. మోకాళ్ళదాకా బురద, ఆటోలో సగం కరిగిన ఐసు. పరామర్శకి వచ్చినాయనకి ఆ ఐసుతోనే నిమ్మరసం ఇచ్చాను.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. మావారు కంచంలోకి చూస్తూ, "ఆ రేడియో పీకి అటకెక్కించేస్తాను," అన్నారు.

నేను పులుసు గరిటె ఆపాను.

"సెట్టు ఉంటుందండీ. వంటింటి కిటికీ దగ్గర, నా చేతిలో. మబ్బు పట్టిన రోజు మీరు తెల్లారేసరికి గట్టు మీదుండి నాకు కబురు చెప్తారు. సాయంత్రంలోగా దండేనికి కొత్త గొట్టం వస్తుంది. ఇంకోటి, ఈ ఇంట్లో ఇక ఓవర్ లేదు. మాట అయిపోయిందని చెప్పడానికి మన గోదావరోళ్ళకి పుట్టుకతో వచ్చిన మాట ఒకటుంది, అది చాలు. తెలిసిందా అండీ?"

అత్తగారు ఈసారి మెడ తిప్పలేదు.

మావారు "ఓ..." అని నోరు తెరిచి, నా గరిటె వంక చూసి, తల దించుకున్నారు.

"ఆయ్."