తోటకూరకు లోకల్ సర్టిఫికెట్

"ఇకమీదట హైదరాబాద్ నోట్లోకి లోకల్ తిండి తప్ప మరొకటి పోదు!"

మంత్రి వామన్‌రావుగారు నాంపల్లి సభలో ఇలా ప్రకటించగానే, అబిడ్స్‌లో కళ్లజోళ్లు అమ్ముకునే నాకు ఒళ్లు పులకరించింది. మన నేల, మన నీళ్లు, మన కూర అంటూ ఆయన గంటసేపు గర్జించారు. గొంతు ఆరిపోతే ఫ్రాన్స్ నుంచి వచ్చిన సీసా నీళ్లు తాగారు.

ముందుగా అబిడ్స్ ఫుట్‌పాత్ మీద లోకల్ సర్టిఫికెట్ లేని సరుకు అమ్మకూడదన్నారు. అమలు బాధ్యత జాయింట్ డైరెక్టర్ మహీధర్‌గారిది. లోకల్ అంటే ఏమిటో జీవోలో లేదు. వేరే ఆఫీసరైతే చేతులెత్తేసేవాడు. మహీధర్‌గారు మేధావి. ఉద్యోగాలకూ సీట్లకూ లోకల్ ఎవరో తేల్చే పద్ధతి మనకు ఉండనే ఉంది కదా, దాన్నే కూరలకు తగిలించారు. ఊళ్లో ఎన్నాళ్లుంటే అంత లోకల్.

నా దుకాణం ముందు బుజ్జమ్మ ఆకుకూరలు అమ్ముతుంది. చేవెళ్ల దగ్గర సొంత మడిలో చీకటితో కోసి, మొదటి బస్సుకు మోసుకొస్తుంది. ఆ గజం జాగా పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. మహీధర్‌గారు ఆమె గంప ముందు ఆగారు.

"ఈ తోటకూర హైదరాబాద్‌కు ఎప్పుడొచ్చింది?"

"ఇయ్యాల పొద్దుగాలనే సారూ. జర చూడుండ్రి, మంచు గూడ ఆరలే."

"ఇయ్యాలొచ్చి ఇయ్యాలనే లోకలంటే ఎట్లమ్మా? నాన్‌లోకల్!"

పక్క బండి మీది ఆపిల్ పండ్లు న్యూజిలాండ్‌వి. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి కాపురమున్నాయి. వాటికి అక్కడికక్కడే ముద్ర పడింది. సిగ్గులేకుండా నేనూ చప్పట్లు కొట్టాను.

"ఎన్ని దినాలుండాలె సారూ?" అంది బుజ్జమ్మ.

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లకు గోంగూరైతే పచ్చడైతది. తోటకూర ఏమైతది?"

మహీధర్‌గారిది వెన్నలాంటి మనసు. ఆకుకూరలకు గడువు పక్షం రోజులకు సడలించారు. బుజ్జమ్మ గంపెడు తోటకూర కాచిగూడలో చెల్లెలింట్లో పెట్టింది. వారం తిరగకుండా చెల్లెలి సంసారం వాకిట్లోకి మారింది. గడువు తీరాక ఆ నల్లటి ముద్దకు మహీధర్‌గారు ముక్కు మూసుకుని ముద్ర వేశారు.

మంత్రిగారు కెమెరాలతో వచ్చారు.

"సార్, మన మొట్టమొదటి లోకల్ తోటకూర!" అన్నారు మహీధర్‌గారు.

మంత్రిగారు ఒకడుగు ముందుకేసి, నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఆహా! మన మట్టి వాసన!" అన్నారు కర్చీఫ్‌లోంచి.

"జర రుచి చూడుండ్రి సారూ."

"ఇయ్యాల శనివారం గదమ్మా. నాకు ఒక్కపొద్దు."

ఆ రోజు మంగళవారం. అయినా ఆయన భక్తికి అందరం దండం పెట్టాం.

ఇప్పుడు బుజ్జమ్మ గంపలో ఆ సర్టిఫికెట్ తోటకూర దర్జాగా కూర్చుంది. గంప వెనక గోనెసంచిలో పొద్దున కోసిన కట్టలు దాక్కున్నాయి. జనం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి కొంటున్నారు. నేనూ కొంటున్నాను.

నిన్న మహీధర్‌గారు మళ్లీ వచ్చారు. ఆయన్ని చూడగానే బుజ్జమ్మ గోనె మీద కొంగు కప్పేసింది. జాగా పోయినట్టేనని నేనూ అనుకున్నాను. ఆయన బూటు లేసు కట్టుకునే మిషతో ఆమె పక్కన వంగారు.

"నాన్‌లోకల్ ఉన్నదా?"

"ఎన్ని కట్టలు సారూ?"

"నాకు రెండు. మంత్రిగారింటికి పది. నల్ల కవర్ల వెయ్యి."