ఒకే పడవలో ఆరు ఖాతాలు

కిందటి వేసవిలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ కొంతకాలం మైపాడు ఒడ్డున, నా కుడిచేతి బొటనవేలి మీద ఆధారపడి నడిచింది. ఈ సంగతి పత్రికల్లో రాలేదు. ఢిల్లీలో ఉన్న పెద్దలకు కూడా తెలిసినట్టు లేదు. నా వేలికి మాత్రం తెలుసు. పొద్దున లేవగానే అది ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంటుంది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో రెండు నెలలపాటు మోటారు పడవలు సముద్రంలోకి పోకూడదు. దీన్ని వేట నిషేధం అంటారు. ఆ రెండు నెలల్లో పడవ యజమాని ఏం చెయ్యాలో తాతల కాలంలోనే తేల్చిపెట్టారు. చిరిగిన వలలు బాగుచేయించాలి, పడవకు పగుళ్ళు పూడ్పించాలి, తన పడవ మనుషులు వేరే పడవకు జారిపోకుండా చేతిలో ఇంత అడ్వాన్సు పెట్టాలి. నేను బి.కాం. చదివినవాణ్ణి కాబట్టి ఇదంతా పాతకాలపు వ్యవహారమని తీర్మానించి, ఆ డబ్బంతా పెట్టి ఒక పెద్ద ఫోను కొన్నాను.

ఫోనులో ఒక ఆట ఉంది. పేరు 'లక్కీ గాలం'. తెర మీద సముద్రం ఉంటుంది. వేలితో లాగి గాలం వేస్తే చేప పడుతుంది. చేప పడితే మన ఖాతాలో గాలం కాయిన్ అనే క్రిప్టో నాణెంలో ఒక అతి చిన్న తునక జమ అవుతుంది. ఈ నాణేన్ని చేత్తో పట్టుకోలేం, కంటితో చూడలేం, కొట్టుకు తీసుకెళ్తే ఎవరూ తీసుకోరు. (ఇన్ని సుగుణాలు ఉన్నందువల్లే దాని విలువ పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పారు. చెప్పినాయన కోటు వేసుకున్నాడు.)

మా పడవలో నాతో కలిపి ఐదుగురం. అందరిలోకీ పెద్దవాడు హజరత్తయ్య. మా నాన్న కాలం నుంచీ ఈ పడవనే నమ్ముకుని ఉన్నాడు. అడ్వాన్సు ఇస్తానని పిలిచి ఫోను చూపించేసరికి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందబ్బయా ఇది?"

"వేట, మామా. నీడపట్టున కూర్చొని చేసుకోవచ్చు. మనిషికో ఖాతా తెరుస్తా."

"నిషేధం గదా."

"ఫోనులో నిషేధం లేదు."

"పట్టిన చేప యాడికి పోతాది?"

"యాడికీ పోదు. దానికి నాణెం వస్తాది."

"ఆ నాణెం యాడుంటాది?"

"అది యాడా ఉండదు మామా. అదే దాని గొప్ప."

హజరత్తయ్య మిగతా ముగ్గురి వైపు తిరిగి, "చదువుకున్నోడు గదా, చూద్దాం పాండి" అన్నాడు. నా చదువు మీద ఊరు మొత్తంలో నమ్మకం ఉన్నది ఆయనొక్కడికే. దాన్ని కూడా ఖర్చు పెట్టేసే అవకాశం నాకు ఈ విధంగా దొరికింది.

మొదటి వేటకు ముందు పడవకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. ఫోనుకు తక్కువ చేయకూడదు కదా. కొబ్బరికాయ వరకు సవ్యంగానే జరిగింది. కుంకుమ మాత్రం ఛార్జింగు పెట్టే బెజ్జంలోకి పోయింది. నెల్లూరు బస్సెక్కి, ఫోను అమ్మిన షఫీక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను చిన్న బ్రష్షుతో గీకి, తెల్ల కాగితం మీద దులిపి, అందులో రాలిన ఎర్రటి పొడిని చాలాసేపు చూశాడు.

"అన్నా, నీళ్ళు పడితే వారంటీలో ఉంది, కింద పడితే ఉంది. కుంకుమ పడితే ఏం చెయ్యాల్నో కంపెనీ వాళ్ళు రాయలా" అన్నాడు.

వేట మొదలైంది. మా ఒడ్డున చేప ఎవరి చేతికి పడినా అది అందరిదీ. పడవకొక వాటా, ఇంజనుకొక వాటా, మనిషికొక వాటా. ఈ విధానాన్నే సాంకేతిక రంగానికి విస్తరించాం. ఫోనును పడవగానూ ఛార్జరును ఇంజనుగానూ గుర్తించాం. ఒడ్డున ఒరిగి ఉన్న మా పడవ నీడలో కూర్చుని, వంతులవారీగా, ఎవరి ఖాతాలో వాళ్ళు గాలం వేసేవాళ్ళం. ఖాతాలు వేరు, ఫోను ఒకటే. సాయంత్రానికి అందరి నాణేలూ ఒకచోట కలిపి వాటాలు వేసేవాళ్ళం.

ఇంకొక ఖాతా కామమ్మ పేరు మీద తెరవవలసి వచ్చింది. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో ఆమె మొగుడు మా పడవలో వేటకు పోయి తిరిగి రాలేదు. సముద్రానికి పోయి రానివాడి ఇంటికి ఆ పడవ అర వాటా ఇస్తూ ఉండాలి. ఇది మా కట్టుబాటు. నిషేధంలో వేట ఉండదు కాబట్టి అర వాటా కూడా ఉండదు. కానీ వేట మొదలుపెట్టానని నేనే ఊరంతా చాటుకున్నాను. రెండోరోజే ఆమె చేపల గంప చంకన పెట్టుకుని పడవ దగ్గరికి వచ్చింది.

"వేట సాగతా ఉండాదంట గదా నాయనా. నా అర వాటా?"

"ఉండాది కామమ్మత్తా. ఇదో, ఫోనులో ఉండాది."

కామమ్మ ఫోనులోకి చూసింది. ఖాళీ గంపలోకి చూసింది. "సరేలే, ఆడ్నే ఉండనీ" అని వెళ్ళిపోయింది.

మా వాళ్ళకు ఆట పద్ధతి నచ్చలేదు. లోతు నీళ్ళలో దొరకాల్సిన వంజరం ఒడ్డు పక్కనే పడుతోంది. గాలి ఎటు వీస్తోందో చూపించరు. సొరచేప పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంది. "ఇది చేసినోడు సముద్రం మొఖం చూసినోడు కాదు" అని హజరత్తయ్య తేల్చేశాడు. ఆయన తరఫున నేను సహాయ విభాగానికి ఫిర్యాదు రాశాను. అక్కడ కరుణాకుమారి అనే ఆవిడ ఉంది. (ఆమె మనిషి కాదని తర్వాత తెలిసింది. మనిషి కాకపోయినా మధ్యాహ్నం భోజనానికి గంటసేపు లేచిపోయేది.) 'ప్రియమైన నావికుడా, మీ సూచన మాకు అమూల్యం. ఇప్పుడే ఒక ప్రకటన చూసి మూడు ఎరలు ఉచితంగా పొందండి' అని జవాబు ఇచ్చింది.

ఎరలు అయిపోయినప్పుడల్లా ప్రకటన చూడాలి. ఎరలు ఎప్పుడూ అయిపోతూనే ఉంటాయి. ఆ విధంగా, హైదరాబాదులో మూడు పడకగదుల ఫ్లాట్ల గురించి మా పడవ మనుషులకు తెలియని విషయం లేకుండా పోయింది. ఇక సంపాదించినది బయటికి తీసుకోవాలంటే ఒక కనీస మొత్తం చేరాలి. మేము దాని దగ్గరికి చేరిన ప్రతిసారీ 'సముద్రమట్టం సవరణ' అనే నిబంధన కింద ఆ మొత్తం కాస్త పైకి జరిగేది. మే నెలాఖరుకు మా అందరి కష్టం కలిపి రూపాయల్లోకి మార్చి చూస్తే ఒక టీ తాగవచ్చని తేలింది. దానిని వాటాలు వేస్తే మనిషికి తలా ఒక గుక్క, కామమ్మకు గ్లాసుకు అంటుకున్న వేడి.

నా భార్య ఉషారాణికి ఆర్థిక శాస్త్రం తెలియదు.

"ఏమయ్యా, వలల్ని ఎలకలు కొరకతా ఉండాయి. చూస్తివా?"

"సాయంత్రం చూస్తాలే."

"నరేంద్రబాబు రెండో పడవ దించతా ఉండాడంట. మనుషుల కోసం బియ్యం మూటలు, అడ్వాన్సు పట్టుకొని తిరగతా ఉండాడు."

"నరేంద్రబాబు దగ్గర ఉండేది బటన్ల ఫోను" అన్నాను. ఆ మాటతో చర్చ ముగిసిందని నేను అనుకున్నాను. ఆమె కూడా ముగిసిందనే అనుకుని ఉంటుంది, వేరే కారణంతో.

నిషేధం ఎత్తివేసే రోజు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడు లక్కీ గాలం వారి 'న్యాయమైన సముద్రం' విభాగం నుంచి నోటీసు వచ్చింది. ఒకే ఫోనులో ఆరుగురు వ్యక్తులు కూడబలుక్కుని, ఒకరి సంపాదన ఒకరు పంచుకుంటున్నట్టు కనిపెట్టారట. ఇది వ్యవస్థీకృత మోసమట. పైగా ఆరో ఖాతాదారు ఒక్కసారైనా గాలం వేయకుండా వాటా పొందుతున్నారట. మా ఒడ్డున ఒంటరిగా వేటాడి ఒంటరిగా తినేవాణ్ణి పిలిచి పంచాయతీ పెడతారు. అక్కడ పంచుకున్నందుకు పెట్టారు. దేశాచారాలు వేరు.

అప్పీలు చేసుకోవడానికి ఒక అవకాశం ఇచ్చారు. మీ ఆరుగురి మధ్య సంబంధం ఏమిటో తెలపండి అని అడిగి, నాలుగు గడులు చూపించారు. కుటుంబం, స్నేహితులు, ఒకే గదిలో అద్దెకు ఉండేవారు, యంత్రాలు. పడవ నీడలో అందరికీ గట్టిగా చదివి వినిపించాను.

"ఒకే పడవ అని పెట్టు" అన్నాడు హజరత్తయ్య.

"ఆ గడి లేదు మామా."

"అదే లేకపోతే ఇంకేం ఉండాదబ్బయా దాంట్లో?"

బి.కాం.లో ఈ పాఠం లేదు. ఆలోచించి 'కుటుంబం' నొక్కాను. అయితే ఆరుగురి పేర్లూ ఉన్న రేషను కార్డు పంపమన్నారు. అది లేదని రాసిన మరుక్షణం ఖాతాలన్నీ శాశ్వతంగా మూసేశారు. ఆ పైన కరుణాకుమారి, 'మీ బాధ మాకు అర్థమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' అని అడిగింది. ఐదు ఇచ్చాను. (మనసు మార్చుకుంటారేమోనని.)

మరునాడు పొద్దున హజరత్తయ్య మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అబ్బయా, మేం నలుగురం నరేంద్రబాబు పడవకి పోతుండాం. అడ్వాన్సు తీసుకున్నాం."

"నా పడవో మామా?"

"నీ పడవకి వల యాడుండాది? పోయి చూసుకో. ఎలకలు మిగిల్చింది రెండు మూరలు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "తప్పు మాది గూడా ఉండాదిలే. మేం గూడా కూర్చొని ఆడితిమి. మనసులో పెట్టుకోవాకు."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఆయన మొహంలోకి చూడలేక ఫోనులోకి చూశాను. అలవాటు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, వేలు తనంతట తాను తెర మీద గాలం వేసినట్టు లాగింది. అది కూడా ఆయన చూశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నిషేధం ఎత్తేసిన తెల్లవారి పడవలన్నీ సముద్రంలోకి పోయాయి. మొదటి రోజు వేట ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. మా పడవ ఒరిగినచోటే ఒరిగి ఉంది. ఊళ్ళో ఆ పూట ఒడ్డున మిగిలిన మగవాళ్ళు ముసలివాళ్ళు, జ్వరం వచ్చినవాళ్ళు, నేను. ఎవరికీ ఎదురుపడకుండా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఫోను ఛార్జింగు నిండుగా ఉంది.

మధ్యాహ్నం దాటాక కామమ్మ గంపతో వచ్చింది. అరుగుకు ఆ పక్క నిలబడింది. ఈ పక్క గడపలోకి ఉషారాణి వచ్చింది.

"ఏందత్తా ఇది?" అంది ఉషారాణి.

"అర వాటా అమ్మా. నరేంద్రబాబు పడవలో పంచేటప్పుడు హజరత్తయ్య వాళ్ళ నలుగురి వాటాల్లోంచి తీసి మీ ఇంటికని పక్కన పెట్టినాడు. నాకూ తీసినారు, అది ఇంట్లో ఇచ్చొచ్చినా. ఇది నీది."

గంపలో తామరాకు కింద రెండు చందువా చేపలు, గుప్పెడు కవళ్ళు ఉన్నాయి. ఉషారాణి చెయ్యి చాపలేదు. కామమ్మ గంప కిందికి దించి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మొదట్లో తీసుకునేదానికి చెయ్యి రాదమ్మాయ్. నాక్కూడా రాలా. పిల్లోళ్ళు తినాల గదా, పట్టు. పోయినోణ్ణి తలుచుకుంటా కూర్చుంటే పొయ్యి ఎలగదు."

ఉషారాణి లోపలికి పోయి గిన్నె తెచ్చింది. కామమ్మ ఒక్కొక్క చేపా అందులో వేసింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను వాళ్ళిద్దరి మధ్యే, అరుగు మీదే కూర్చుని ఉన్నాను.