ఏకవ్యక్తి జంటనృత్యంలో నా పాత్ర

అమెరికాలో మనిషి ఒంటరిగా ఏ పని చేయదలచుకున్నా, ముందు ఆ ఒంటరితనాన్ని తగిన పత్రాలతో రుజువు చేసుకోవాలి. పన్నుల వాళ్ళు అడుగుతారు, ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు, రెస్టారెంట్ గుమ్మంలో మెనూ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి కూడా "ఒక్కరేనా?" అని రెండుసార్లు అడిగితే గానీ కుర్చీ చూపించదు. అయితే ఈ విషయంలో వీళ్ళందరినీ తలదన్నిన సంస్థ ఒకటుంది. దాని పేరు పంచ సరోవర ప్రాంతీయ వయోజన మంచునృత్య సమాఖ్య. (నేపర్‌విల్‌లో మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో, ఒక టైర్ల షాపు మేడ మీద దాని ఆఫీసు. మేడకి మెట్లే గానీ లిఫ్ట్ లేదు. మోకాళ్ళు పోయినవాళ్ళు ఫిర్యాదు చేయడానికి పైకి రాలేరు.)

ఈ సమాఖ్య ఏటా ఏప్రిల్‌లో ఏకవ్యక్తి జంటనృత్య పోటీ జరుపుతుంది. మీరు సరిగ్గానే చదివారు. మంచు మీద ఇద్దరు చేతులు పట్టుకుని చేయాల్సిన నృత్యాన్ని ఒక్కరే చేయాలి. అడుగులు అవే, మలుపులు అవే, రెండో మనిషి మాత్రం ఉండడు. ఉంటే అనర్హత.

నియమావళి రెండు వందల పద్నాలుగు పేజీలు. అందులో వయోజనుడు అనే మాటకి "ఇరవై ఒక్కేళ్ళు నిండి, కింద పడినచో తనంతట తాను లేవగల వ్యక్తి" అని అర్థం చెప్పారు. ఆ లెక్కన మా ఆవిడ వసుమతి వయోజనురాలే. నేను కాదు.

వసుమతి స్కేటింగ్‌లోకి రావడానికి కారణం మా అమ్మాయి జాహ్నవి. పదిహేనేళ్ళప్పుడు ఎంతో ఉత్సాహంగా ఐస్ రింక్‌లో చేరి, నాలుగో క్లాసులో మానేసింది. ఇంకా ఆరు క్లాసులు మిగిలాయి, డబ్బు వెనక్కివ్వరు. మా ఇంట్లో మిగిలిన పప్పే పారబోయరు, మిగిలిన క్లాసులు పారబోస్తారా. వసుమతి తానే వెళ్ళింది. ఆరు క్లాసులు నాలుగేళ్ళయ్యాయి. తెల్లవారుజామున అయిదింటికి ఫ్లాస్క్‌లో కాఫీ పోసుకుని వెళ్ళడం, ఎనిమిదిన్నరకల్లా ఆఫీసులో కూర్చోవడం. ఆ టైముకి నేను నిద్రలో ఉంటాను కాబట్టి ఇదంతా నాకు వినికిడి.

ఇక 2013 పోటీ గురించి. సమాఖ్య వాళ్ళు మనుషుల్ని వయసుల వారీగా విడదీస్తారు. మూడో వర్గం యాభై దాకా, నాలుగోది ఆపైన. వసుమతికి మే నెలలో యాభై ఒకటి వస్తుంది. నాలుగో వర్గంలో మా ప్రాంతం మొత్తానికి ఒక్క మనిషి కూడా లేదు. అందులో చేరితే ఇక జీవితమంతా పోటీయే లేకుండా మొదటి బహుమతి తెచ్చుకుంటూ ఉండాలి. మూడో వర్గంలో మాత్రం ఆ ఏడు ఇద్దరు ఉన్నారు: మిల్వాకీ నుంచి ఒక పళ్ళ డాక్టరు, పియోరియా నుంచి ఒక స్కూల్ బస్ డ్రైవరు. "ఒక్కసారి, ఒక్కసారైనా ఎవరో ఒకరితో పోటీ పడాలండీ," అంది వసుమతి. "గెలవక్కర్లేదు."

దరఖాస్తు నేను నింపాను. మా ఇంట్లో ఫారాలు నా శాఖ. హెచ్-వన్ నుంచి గ్రీన్ కార్డ్ దాకా, జాహ్నవి కాలేజీ దాకా, ఏ ఫారమూ తిరిగి రాలేదు. దానికి నేను పాటించే సూత్రం ఒక్కటే: గడి ఖాళీగా వదలకూడదు. పదో తరగతి హాల్ టికెట్ నాటి నుంచి నేర్చుకున్నది ఇదే. ఖాళీ గడి చూస్తే గుమాస్తాకి అనుమానం వస్తుంది, అనుమానం వస్తే దరఖాస్తు మూలకి పోతుంది.

అందుకని 'భాగస్వామి' అనే గడి కనిపించగానే చక్రధర్ అని నా పేరు రాశాను. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ ఫారం ఏది చూసినా తండ్రి లేదా భర్త పేరు అని ఒక గడి ఉండేది. చేతికి అలవాటైపోయింది. దాని కిందే భాగస్వామి స్థాయి ఎంచుకోమన్నారు. కంచు, వెండి, బంగారం అని ఉన్నాయి. బంగారం కళ్ళ ముందుండగా కంచు ఎవరైనా నొక్కుతారా.

వారం తర్వాత సమాఖ్య నుంచి అభినందనలతో ఈమెయిల్ వచ్చింది. శ్రీ చక్రధర్, శ్రీమతి వసుమతి దంపతులను బంగారు స్థాయి జంటల విభాగంలో సంతోషంగా చేర్చుకున్నారట. భాగస్వాముల్లో ఎవరిది పై స్థాయి అయితే జంటది అదేనట. రెండు నిమిషాల నలభై సెకన్ల నృత్యంలో పురుష భాగస్వామి స్త్రీ భాగస్వామిని మంచు మీద నుంచి పైకెత్తి, ఆరు సెకన్లకు తగ్గకుండా గుండ్రంగా తిప్పాలట. (నేను ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన ఇరవై పౌన్ల బియ్యం సంచిని కారులోంచి గరాజ్ దాకా రెండు విడతలుగా మోసే మనిషిని. మధ్యలో సంచికి, నాకు ఇద్దరికీ విశ్రాంతి.)

వసుమతి ఆ ఈమెయిల్ రెండుసార్లు చదివింది.

"ఆ గడిలో మీ పేరెందుకు రాశారండీ?"

"ఖాళీగా ఉందని."

"ఖాళీగానే ఉండాలండీ. నా పోటీయే అది."

లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు సింక్‌లో వేసిన చప్పుడును బట్టి విషయం నాకు అర్థమైంది. నాలుగేళ్ళ కష్టాన్ని ఒక్క గడిలో ముంచేశాను. భయం వేసింది, దాచుకోను.

సమాఖ్యకి ఫోన్ చేశాను. వాళ్ళు ఎంతో మర్యాదగా మూడు దారులు చూపించారు. జంటగా వచ్చి ఎత్తడం. లేదా విరమించుకోవడం, దానికి ఏడాది నిషేధం. మూడోది భాగస్వామ్య రద్దు. రద్దుకి ఇద్దరి సంతకాలు, నోటరీ ముద్ర, ఆపైన పదునాలుగు రోజుల పునరాలోచన గడువు ఉంటాయి. (ఈ గడువులో జంట మళ్ళీ కలిసిపోవడానికి వీలుగా రింక్‌లో అరగంట ఉచితం.) పోటీకి అప్పటికి తొమ్మిది రోజులే ఉన్నాయి.

గడువు సంగతి తర్వాత బతిమాలుకుందామని, నోటరీ కోసం బ్యాంక్‌కి వెళితే అక్కడి పెద్దాయన కాగితం పై నుంచి కిందికి చదివి, మా ఇద్దరి ముఖాలూ చూసి, పిల్లలెందరని మెల్లిగా అడిగాడు. ఒక్కతే, కాలేజీలో ఉందన్నాం. "అయితే కాస్త నయం," అని ముద్ర వేశాడు.

ఆ కాగితం కూడా తిరిగొచ్చింది. కారణం: రద్దు చేయాలంటే ముందు భాగస్వామ్యం ఉన్నట్టు రుజువు కావాలి. లేని దాన్ని రద్దు చేసే అధికారం సమాఖ్యకి లేదు. ఉందో లేదో తేల్చడానికి పోటీ రోజు ఉదయం విచారణ జరుపుతామని, ఇద్దరూ హాజరు కావాలని, వసుమతి స్కేట్లు కట్టుకునే రావచ్చని రాశారు.

శనివారం రింక్‌కి వెళ్ళాం. నాలుగేళ్ళలో నేను ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. లోపల చలి ఎముకలు కొరుకుతోంది. బాత్‌రూమ్ ఎటు అని ఒక పొట్టి పెద్దమనిషిని అడిగి వెళ్ళొచ్చి, విచారణ బల్ల ముందు కూర్చున్నాను. అవతల అర్హతల నిర్ధారణ ఉపసంఘం అధ్యక్షురాలు మార్జొరీ గారు ఉన్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి, ఒళ్ళో దుప్పటి, చేతిలో స్టాప్‌వాచ్. వసుమతి మెడ దాకా జిప్ వేసిన కోటుతో నా పక్కన నిలబడింది. ఎనిమిది నిమిషాల్లో ఆమె పేరు పిలుస్తారు.

నా వ్యూహం తేలిక. అన్నిటికీ తప్పు జవాబులు చెబితే నేను భాగస్వామిని కానని తేలుతుంది, వసుమతి ఒంటరిగా ఆడుతుంది. కారులో వచ్చేటప్పుడే నాలుగైదు తప్పులు ఆలోచించి పెట్టుకున్నాను.

"మీ భాగస్వామి ప్రాక్టీస్ ఏ రోజుల్లో?" అని అడిగారు మార్జొరీ గారు.

అసలు జవాబు తెలిస్తే కదా తప్పు చెప్పడానికి. శని, ఆది అన్నాను. మంగళ, గురు, శుక్రవారాలట.

"కోచ్ పేరు?"

"పేరు గుర్తులేదు. పొడుగ్గా ఉంటారు, ఆవిడ."

"గ్లెన్ గారూ, నమస్కారం," అన్నారు మార్జొరీ గారు నా వెనక్కి చూసి. బాత్‌రూమ్ దారి చెప్పిన పొట్టి పెద్దమనిషి చేయి ఊపాడు.

ఏ నృత్యం చేస్తోందో అడిగారు, ఐస్ డాన్స్ అన్నాను. కోటు లోపల డ్రెస్ రంగు అడిగారు, నీలం అన్నాను. మెరూన్. మూడు వారాలుగా మా బాత్‌రూమ్ తలుపుకి వేలాడుతున్నదట. నేను దాన్ని పక్కకి జరిపి టవల్ తగిలించుకుంటున్నాను.

"ప్రాక్టీస్‌లో ఈమెకి ఏ చేయి విరిగింది?"

ఇది నాకు తెలుసు. "ఎడమ మణికట్టు. 2011 అక్టోబర్ 18, మంగళవారం," అన్నాను. క్లెయిమ్ నంబర్ కూడా చెప్పాను.

వసుమతి నా వైపు చూసింది. మార్జొరీ గారు కలం ఆపారు. "తేదీ ఎలా గుర్తుంది?"

"ఇన్సూరెన్స్ ఫారం నేనే నింపాను."

"అది ప్రమాదానికి సాక్ష్యం," అని కొట్టేశారు. "ఆ రోజు ఎవరు తీసుకెళ్ళారు హాస్పిటల్‌కి?"

గ్లెన్ మళ్ళీ చేయి ఊపాడు.

దాచిపెట్టుకున్న తప్పులు ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. మార్జొరీ గారు నియమావళిలో ఒక పేజీ తెరిచి చదివారు: "సాధనకు ఒక్కసారైనా రాని వ్యక్తి, రక్త సంబంధీకుడైనను, వివాహ సంబంధీకుడైనను, భాగస్వామిగా పరిగణింపబడడు." ఎర్ర ముద్ర తీసి, ధ్రువపత్రం మీద గట్టిగా అదిమారు. వసుమతి ఒంటరి అని అధికారికంగా తేలిపోయింది. మేం కేసు గెలిచాం.

ఆమె కోటు విప్పి నా చేతిలో పెట్టి మంచు మీదికి వెళ్ళింది.

నేను మొదటి వరుసలో కూర్చున్నాను. సంగీతం మొదలైంది. ఇంట్లో మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకునే మనిషి, అక్కడ ఒంటికాలి మీద అంత దూరం జారుతూ వెళ్ళింది. మలుపు దగ్గర కుడిచేయి కాస్త ముందుకి చాపింది. ఎవరో పట్టుకోవాల్సిన చేయి. పట్టుకున్నట్టే దాన్ని అలాగే నిలిపి, తిరిగి, సాగిపోయింది. నాకు సిగ్గేసింది. చలికి కళ్ళలో నీళ్ళొస్తున్నాయని పక్కవాళ్ళకి చెప్పాను, వాళ్ళు అడక్కపోయినా.

ముగ్గురిలో మూడో స్థానం వచ్చింది. వసుమతి ముఖం వెలిగిపోతోంది. "ఇద్దరు నా కంటే బాగా చేశారండీ," అంది, పళ్ళ డాక్టరు భుజం మీద చేయి వేసి. "నా కళ్ళతో చూశాను."

ముగ్గురూ గ్లెన్‌తో ఫొటో దిగుతుంటే, నేను కోటు పట్టుకుని మార్జొరీ గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ ధ్రువపత్రం గడువు ఏడాదే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఫారాలు నా శాఖ కదా, రెన్యువల్‌కి నేను ఏమేం తేవాలో అడిగాను.

"ఏమీ తేనక్కర్లేదు," అన్నారావిడ ముద్ర పెట్టెలో పెట్టేస్తూ. "ఇంతవరకూ ఎలా ఉన్నారో అలాగే ఉండండి, చాలు."