నాలుగు వేళ్ళ అద్దం కోసం ఒరోజాలీ చేసిన మహాసంగ్రామం

వసంతుడు మంచుకొండల మెడలు వంచి, కరిగిన నీటిని కాలువలకు కప్పంగా కట్టించుకునే శుభవేళ. కొత్త ఏడాది పండుగ నూరుజ్ ఆరు రోజుల దూరంలో ఉండగా, ఓష్ పట్టణంలో ప్రతి ఇంటి చీపురూ ఒరలోంచి దూసిన కత్తిలా బయటికి వచ్చే సమయం. సులేమాన్ కొండ దిగువ వీధిలో, దారాలూ గుండీలూ అమ్మే వర్తకచక్రవర్తి, నాలుగు వందల పన్నెండు పెట్టెల ఏకైక అధీశ్వరుడు, కళ్ళకు గంతలు కట్టినా చొక్కా గుండీనీ కోటు గుండీనీ వేలికొనతో వేరుచేయగల స్పర్శవిద్యావిశారదుడు అయిన ఒరోజాలీ, తన సొంత ఇంట్లో కూర్చునే చోటు లేక గడప మీద నిలబడి టీ తాగుతున్నాడు. ఇది ఆయన కథ.

ఎదుట శత్రువు నిలిచి ఉన్నాడు. గోడ గూట్లో పట్టినన్ని పట్టగా మిగిలిన ఇరవై ఐదు దూది బొంతలు, రంగులు వేసిన చెక్కపెట్టె మీద ఒకదానిపై ఒకటి ఎక్కి, పట్టుఅంచుల కవచాలతో, పువ్వుల ధ్వజాలతో, ఇంటికున్న ఒకే ఒక్క తూర్పు కిటికీని ఆపాదమస్తకం ఆక్రమించి ఉన్నాయి. పెళ్ళికొకటి, పురుటికొకటి, చావుకొకటి చొప్పున వచ్చి చేరినవే అన్నీ. వచ్చినదాన్ని కాదనకూడదు. అతిథులు వస్తే తప్ప పరవకూడదు. గడప దాటి వచ్చిన ఏ ఆడమనిషైనా ముందు ఆ వరుస ఎత్తు చూసి, తరువాతే ఇల్లాలి ముఖం చూస్తుంది. కొలతల మనిషి కనుక ఒరోజాలీ లెక్క కట్టి పెట్టుకున్నాడు: ఒక్కో బొంత నాలుగు వేళ్ళ మందం, కిటికీ పై అంచు సరిగ్గా ఇరవై నాలుగో బొంతకు సమానం.

ఆ కిటికీ వెనక పెరట్లో ఆప్రికాట్ చెట్టు ఉంది. అది పూసేది తొమ్మిది రోజులు. గాలి లేస్తే అంతకన్నా తక్కువ. ఆయన భార్య అనార్‌కాన్‌కు చలికాలం నుంచి మోకాళ్ళు పట్టేసి, పెరటి మెట్లు నాలుగూ దిగలేకపోతోంది. నిన్న టోపీ కుడుతూ, తల ఎత్తకుండానే, “చెట్టు పూసినట్టుందండీ, వాసనొస్తోంది” అంది. అంతే. ఆ ఒక్క మాట గుండీల చక్రవర్తి గుండెలో సూదిలా దిగింది. చక్రవర్తి గనుక బయటికి చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాడు. టీ గిన్నెను గదలా ఎత్తి పట్టుకుని, “ఓ కార్పాసగర్భులారా, వాతాయనాపహారులారా, నా సూర్యుణ్ణి బందీ చేసిన దురాక్రమణదారులారా, ఈ పండుగ లోపల మిమ్మల్ని నేలకు దింపకపోతే నేను ఒరోజాలీని కాను” అని గర్జించాడు.

“ఎవరితోనండీ?” అంది అనార్‌కాన్ పొయ్యి దగ్గర నుంచి.

“శత్రువుతో.”

“పైనుంచి మూడోది మీ మేనత్త ఇచ్చింది. కాస్త మర్యాదగా తిట్టండి.”

“ఒకటి ఎవరికైనా ఇచ్చేద్దామే.”

“ఇస్తే పక్కింటి బురుల్చా వచ్చి చూస్తుంది. ‘వదినా, మీ వరుస దిగిందే, ఏమన్నా ఇబ్బందా’ అంటుంది. వినేది మీరా, నేనా?”

వీరుడు వెనుదిరగలేదు. శత్రువు బలం తెలియనిదే మొత్తం సేన దింపడం వర్తకధర్మం కాదు. ముందు ఒక నమూనా పంపాలి. పై బొంతను బురుల్చాకే ఇవ్వాలని నిశ్చయించాడు. పుచ్చుకున్న మనిషి వెక్కిరించజాలదు కదా. ఇరుగుపొరుగుకు పళ్ళెంలో ఏది పంపినా ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి రాదన్న సంగతి ఎరిగినవాడు కనుక, పళ్ళెమే లేకుండా, బొంతను ఒక శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, చంకన పెట్టుకుని వెళ్ళి ఇచ్చి, తన తెలివికి తనే మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

గుడ్డ కూడా పాత్రే అన్న సంగతి మరునాడు పొద్దున తెలిసింది.

“అన్నయ్యా, మీ గుడ్డ ఖాళీగా పంపితే నలుగురూ నన్నేమంటారు?” అంటూ వచ్చింది బురుల్చా. మూట ఆమె కన్నా పెద్దదిగా ఉంది. అందులో రెండు బొంతలు. “ఒకటి మా చెల్లెలి పెళ్ళిది. అసలు విప్పనే లేదు.”

ఒకటి పోయి రెండు వచ్చాయి. బజారులో ఏ సరుకైనా ఇలా తిరిగి వస్తే తోటి వర్తకులు వచ్చి భుజం తట్టేవారు. ఇక్కడ మాత్రం ఇరవై ఆరో బొంత వెళ్ళి పైకప్పుకు ఆనుకుంది.

ఒరోజాలీ కోపం హద్దు దాటింది. ధనుర్ధారి నారి లాగినట్టు రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, నడిమి బొంత అంచు పట్టి లాగాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరువాతి క్షణంలో పట్టుకవచాల సేన సమస్తం ఆయన మీదికి విరుచుకుపడగా, చతుశ్శత పేటికాధీశ్వరుడు బోర్లా పడి, దూదిసముద్రంలో మునిగి, ఒక చెప్పు మాత్రం బయట మిగిలినవాడయ్యాడు.

“అనార్” అన్నాడు లోపలి నుంచి.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

“అనార్, ఊపిరాడట్లేదే.”

“కాసేపు అలాగే ఉండండి,” అంది అనార్‌కాన్. “లేవకండి. చెట్టు కనిపిస్తోంది.”

ఆ చీకటిలో, మేనత్త బొంత ముక్కుకు అడ్డంగా ఉండగా, ఒరోజాలీ జీవితంలో మొదటిసారి ఓటమిని లాభంగా లెక్కించాడు.

ఆ లాభం ఎంతోసేపు నిలవలేదు. చప్పుడు విని బురుల్చా పరుగెత్తుకొచ్చి, “వరుస పడిపోతే చూస్తూ కూర్చున్నావా వదినా” అంటూ పావుగంటలో కోటను మళ్ళీ కట్టేసింది. అయితే వీరుడికి కిటుకు దొరికింది. బొంతలు నేల మీద ఉండటం ఎప్పుడు తప్పు కాదు? అతిథులు వాటి మీద కూర్చున్నప్పుడు. సాయంత్రానికి గాలి లేస్తుందని బజారులో అందరూ అంటున్నారు. రెండో చెప్పు బొంతల్లోనే పోగా, మిగిలిన ఒంటి చెప్పుతోనే వీధిలో ఏడిళ్ళ తలుపులూ తట్టి, “మధ్యాహ్నం టీకి రండి, పిల్లాజెల్లాతో రండి” అని యుద్ధభేరి మోగించి వచ్చాడు.

వచ్చారు. ఇరవై ఆరు బొంతలూ ఇల్లంతా పరుచుకున్నాయి. టీ కాచే సమోవర్ రెండుసార్లు నిండింది, నూనెలో వేయించిన పిండిముక్కలు గంపెడు అయిపోయాయి. కిటికీ నిండా తెల్లటి చెట్టు. ఎవరు ఏమన్నా వినిపించుకోకుండా ఒరోజాలీ భార్యను దానికి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆమె ఎవరికీ టీ పోయలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, సూదిలోకి దారం కూడా ఎక్కించకుండా చూస్తూ ఉంది.

పొద్దు వాలింది. గాలి మొదలైంది. అతిథులు లేచారు. బురుల్చా కొంగు బిగించి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. అక్కడ ఆగింది. మిగిలిన మూడు ఒరోజాలీ కింద ఉన్నాయి.

“లే అన్నయ్యా.”

“కూర్చున్న అతిథిని లేపుతారా ఎక్కడైనా?”

“నువ్వు అతిథివా? ఇంటివాడివి.”

“నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో నాకు కూర్చునే చోటు లేదు. అతిథిని కాక ఇంకేమిటి?”

బురుల్చా అనార్‌కాన్ వైపు తిరిగింది. “వదినా, చూశావా. వరుస దిగిపోయింది. రేపు ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?”

అనార్‌కాన్ వరుసను చూసింది. దాని పైన, కిటికీ పై అంచు కింద, సరిగ్గా ఒక బొంత మందాన వెలుతురు పడుతోంది.

“దిగితే దిగనీలే,” అంది. తరువాత మొగుడి దగ్గరికి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగుతూ, “కాస్త జరగండి” అంది.

జరిగాడు. ఆ విధంగా, ఇరవై ఐదు బొంతల శత్రువుతో తలపడి, వాటిని ఇరవై ఆరు చేసి, ఒకసారి సజీవసమాధి అయి, ఒక చెప్పు పోగొట్టుకుని, గంపెడు పిండివంట ఖర్చుపెట్టి, వర్తకవీరుడు ఒరోజాలీ తన సొంత ఇంట్లో నాలుగు వేళ్ళ కిటికీ అద్దాన్ని జయించాడు. ఆ నాలుగు వేళ్ళలో ఒక కొమ్మ పట్టింది. దాని మీద గాలి ఇంకా ముట్టుకోని పువ్వులు అయిదు. అనార్‌కాన్ రెండుసార్లు లెక్కపెట్టింది.