గోడ అవతల పలికిన కంప్యూటరు

శుక్రవారం పొద్దున రంగనాథ వేసుకున్న లెక్క చాలా చిన్నది. అంగడి తెరవడం, కంప్యూటరుకు కుంకుమ పెట్టడం, పదిన్నరకు దాని ముందు కూర్చుని భార్య పాట వినడం. చింతామణిలో చింతపండు వ్యాపారం చేసే మనిషికి ఇంత తేలికైన రోజు మళ్ళీ దొరకదు. తూకం లేదు, తగాదా లేదు, చెవులుంటే చాలు.

శశికళ పాటకు చుట్టుపక్కల మంచి పేరుంది. ఎవరింట్లో సీమంతం జరిగినా, నామకరణం జరిగినా ఆమెను పిలవకుండా ఉండరు. నలుగురిలో ఆ పాట విననివాడు ఆ ఊళ్ళో ఒక్క ఆమె భర్త రంగనాథే. కన్నడ రాజ్యోత్సవం నాడు ఆమె వేదిక మీద పాడుతుంటే ఆయన మార్కెట్లో లోడు దింపించుకుంటున్నాడు. సొంత మరదలి సీమంతంలో పాడుతుంటే ఆయన పెరట్లో వంటవాళ్ళతో చింతపండు నాణ్యత గురించి వాదిస్తున్నాడు. ఈసారి చిక్కబళ్ళాపురంలో కొత్తగా పెట్టిన ఒక చిన్న రేడియో వాళ్ళు ఆమెను పిలిచారు. ఆ రేడియో చింతామణి దాకా అందదు గానీ ఇంటర్నెట్‌లో వస్తుంది. అంగడి గోదాములో కంప్యూటరు ఉండనే ఉంది.

బస్సెక్కేముందు శశికళ ఒక్క మాట చెప్పి వెళ్ళింది.

"ఈసారి గూడా వినకపోతే ఇంక నేను పాడేది లేదు. యాడా పాడను. వంటింట్లో గూడా పాడను."

"వంటింట్లో యాల పాడవు?"

"వినేవాళ్ళు లేని పాట యాడ పాడితే ఏమి?"

రంగనాథ లోపల తక్కెడ ఒకవైపుకు దిగిపోయింది. ఆయన రోజు మొత్తంలో బేరం లేకుండా చేతికొచ్చే వస్తువు ఆ వంటింటి పాట ఒక్కటే. అది తనకు ఇష్టమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇష్టమని తెలిస్తే ధర పెరుగుతుందని ఆయనకు వ్యాపారం నేర్పింది.

పదింపావుకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క టచ్ ఫోనును శశికళ పట్టుకెళ్ళింది, ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. కూతురు నమ్రత చెప్పినట్టే రేడియో పేజీ తెరిచాడు. తెర మీద ఆకుపచ్చ గీతలు చక్కగా ఎగురుతున్నాయి. శబ్దం మాత్రం లేదు. బల్ల మీద ఉన్న రెండు స్పీకర్ల మీద చెవి ఆనించాడు. పాత మూటల వాసన తప్ప ఏమీ అందలేదు.

నమ్రత చిక్కబళ్ళాపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. పాత కంప్యూటరుకు వైరసు పట్టినప్పుడు అన్నీ తుడిచేసి లినక్స్ వేసింది ఆమే. దానికి డబ్బు కట్టనక్కర లేదని, లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చని చెప్పింది. రంగనాథకు ఆనాడే అనుమానం వచ్చింది. కొన్న సరుకు చెడితే అమ్మినవాడి గొంతు పట్టుకోవచ్చు. ఊరికే వచ్చినదానికి ఎవరి గొంతు పట్టుకోవాలి? చివరకు కూతురికే ఫోను చేశాడు.

"అమ్మా, మిషన్‌లో గొంతు రాలేదు."

"మ్యూట్‌లో ఉండాదేమో చూడు నాయనా."

"లేదు. గీతలు ఎగురుతాండాయి."

"సెట్టింగ్స్‌లో సౌండ్ తెరువు. అవుట్‌పుట్ అని ఒక లిస్టు వస్తుంది. దాంట్లో టిక్కు యాడుండాదో చూడు. సరిగ్గా ఉండాదా?"

"సరిగ్గానే ఉండాది."

తూకం సరిగ్గా ఉందా అని అడిగితే ముప్పై ఏళ్ళుగా ఆయన ఇస్తున్న జవాబు అది. చూడకముందే నోట్లోంచి వచ్చేసింది. తర్వాత చూశాడు. లిస్టులో మూడు పేర్లున్నాయి. టిక్కు మూడోదాని మీద ఉంది. అది అక్షరాలూ అంకెలూ కలిసి లారీ నంబరులాగా ఉంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం వ్యాపారానికి మంచిది కాదు కనుక ఆయన ఆ సంగతి కదపలేదు.

"అయితే టెస్ట్ అని ఉంటుంది, నొక్కు."

నొక్కాడు. ఏమీ వినపడలేదు. గట్టిగా నొక్కాడు. అప్పుడూ వినపడలేదు.

రంగనాథకు తెలియని సంగతి ఏమంటే, కంప్యూటరు తన పని తాను నిజాయితీగా చేస్తూనే ఉంది. గోదాము వెనకగోడకు అవతల మంజునాథ హోటలు. దాని ముఖం బస్టాండు రోడ్డు వైపు. పోయిన ఆయుధపూజకు మంజునాథ తన పెద్ద బ్లూటూత్ స్పీకరును అంగడికి తెచ్చి, ఈ కంప్యూటరుకు కలిపి పాటలు వేశాడు. ఆ స్నేహాన్ని కంప్యూటరు మరిచిపోలేదు. హోటల్లో స్పీకరు వేసినప్పుడల్లా గోడ దాటి దాన్ని పట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆయన దాంట్లో మూటల లెక్క తప్ప ఏమీ చూడలేదు కనుక గుట్టు బయటపడలేదు. ఇప్పుడు హోటలు ముందు ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఎడమ, కుడి, ఎడమ, కుడి అని హెచ్చరించడంతో, బస్సును వెనక్కి తీస్తున్న డ్రైవరు అది కండక్టరు ఏర్పాటేమో అనుకుని రెండువైపులా తిప్పి అరటిపళ్ళ బండికి ఆనించాడు. గోడకు ఇవతల నిలువెత్తున పేర్చిన చింతపండు మూటలున్నాయి. వాటిని దాటి ఏ గొంతూ రాదు.

"సరే నాయనా, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయి. అదే దారికొస్తుంది."

రంగనాథ గోడ గడియారం చూశాడు. పదిన్నర.

"ఇప్పుడు కాదమ్మా. రాహుకాలం వచ్చేసింది."

"కంప్యూటరుకు రాహుకాలమేంది?"

"పొద్దున్నే కుంకుమ పెట్టినాము గదా. పెట్టినాక దానికీ ఉంటుంది. ఆర్పిన దాన్ని రాహుకాలంలో మళ్ళీ తెరిచేది మన ఇంట్లో లేదు."

"నాకు మీటింగ్ ఉండాది నాయనా. వాల్యూమ్ కింద ఇంకా పెంచేదానికి ఒక స్విచ్చుంటుంది, అదన్నా వేసి చూడు." ఫోను పెట్టేసింది.

ఆర్పడానికి అడ్డు ఉంది గానీ పెంచడానికి ఏ కాలమూ అడ్డు లేదు. ఆయన ఆ స్విచ్చు వేసి, తెర మీది వాల్యూమ్ గుండును చివరిదాకా లాగాడు. అవతల బస్టాండులో పావురాలు లేచిపోయాయి.

రేడియోలో ఉన్న అమ్మాయి అప్పటికి శశికళను పలకరించి, పాటకంటే ముందు కాసేపు మాట్లాడదాం అంది. మీ వారు మీ పాట వింటారా అని అడిగింది. శశికళకు పాట ముందు బెదురు ఎక్కువ. బెదురు వస్తే మాటలు ఆగవు.

"మా ఇంటాయనను బేరంలో రాయి అంటారమ్మా మా ఊళ్ళో," అని బస్టాండంతా మోగింది. "రాయి గాదు, ఏమీ గాదు. ఇదే ఆఖరి మాట అని చెవి గోక్కున్నాడనుకో, ఇంకా జాగా ఉండాదని అర్థం. నిజంగా ఆఖరైతే కాలు చెప్పులోకి పోతుంది. నేను చెవి చూసే చీరలు కొనేది."

హోటల్లో ఇడ్లీ తుంచుతున్న చేతులు ఆగిపోయాయి. ఎవరి గురించి మాటలో అర్థం కావడానికి చింతామణిలో ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. ముందుగా లేచింది అక్కమ్మ. పేరేసంద్రలో రోడ్డు పక్కన భోజనం హోటలు నడిపే మనిషి, ఏళ్ళుగా రంగనాథ దగ్గరే చింతపండు కొని, ఏళ్ళుగా ఓడిపోతున్న మనిషి.

రంగనాథ బల్ల కింద దూరి వైర్లు లాగుతుండగా అంగట్లోంచి పిలుపు వచ్చింది. తలనిండా బూజుతో బయటికొచ్చాడు. అక్కమ్మ ఆయన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు బూజుకేనని ఆయన అనుకున్నాడు. ధర చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇదే ఆఖరి మాటమ్మా."

ఆమె ఆయన ముఖం వైపు, కాస్త పక్కకు, చూస్తూ నిలబడింది.

"ఇంకొంచెం చూడప్పా," అంది నిదానంగా.

ఆయన తగ్గాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ తగ్గాడు. కాలు కింద చెప్పును వెతుక్కుని దూరగానే, "ఆ, కట్టప్పా," అంది. ఎన్నడూ లేనిది, ఆయన అసలు ధర దగ్గర వేలు పెట్టినట్టు ఆగింది. రంగనాథ మనసు కంప్యూటరు మీద ఉండబట్టి చెయ్యి జారిందనుకున్నాడు.

లోపలికి పోయి గుండు ఇంకా పైకి పోతుందేమో చూశాడు. పోలేదు. తెర మీద గీతలు ఎగురుతూనే ఉన్నాయి. అందులో తన భార్య ఉంది, ఒక్క అక్షరం కూడా తనకు చేరడం లేదు. ఆమె ఇంటికొచ్చి ఎట్లుండాది పాట అని అడిగే క్షణం ఆయనకు కనపడింది. అటు తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రమే మిగిలిన ఇల్లూ కనపడింది. దానికన్నా మూడు లోడ్లు వర్షంలో తడవడం మేలనిపించింది.

ఈలోగా బయ్యప్ప వచ్చాడు. పరగోడు రైతు, చింతపండు అమ్మడానికి వచ్చినవాడు. పాత పద్ధతి మనుషులు కనుక ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళతోనే బేరం మొదలుపెట్టారు. మాట బయటికి రాని బేరంలో రంగనాథను గెలిచినవాడు ఇంతవరకు లేడు. కానీ బయ్యప్ప ఈసారి కొత్తగా కూర్చున్నాడు. తల వంచి నేల వైపే చూస్తున్నాడు.

"ఏమప్పా, ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"లేదు సావుకారప్పా. నీ కాలు చూస్తాండా."

"నా కాలికేమైంది?"

"ఇంకా ఏమీ కాలేదు. అయినాక చెప్తా."

బేరం తెగేసరికి బయ్యప్ప ముఖం వెలిగిపోతోంది. పోతూ పోతూ, "నీ సంసారం చల్లగుండనీ," అని దండం పెట్టాడు. అంతటితో ఆగలేదు. ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. ఎవరూ గట్టిగా అడగడం లేదు, ఎవరూ కోప్పడటం లేదు. ఆయన చెవినీ పాదాన్నీ మార్చి మార్చి చూసి, ఆఖరి ధర దగ్గర మర్యాదగా ఆగి, నవ్వి, కొనుక్కుని పోతున్నారు. మిట్టమధ్యాహ్నానికి గోదాములో సగం మూటలు లేవు. ప్రతి బేరంలోనూ ఆయన ఓడిపోయాడు. నష్టం మాత్రం ఎక్కడా రాలేదు. ఇలాంటి లెక్క ఆయన ఇంతవరకు చూడలేదు.

మూటలు తగ్గాక వెనకగోడ బయటపడింది. అక్కడి నుంచి ఏదో సన్నగా వినిపించినట్టు అనిపించి దగ్గరికి పోయాడు. అది చప్పట్ల శబ్దం. హోటల్లో ఎవరిదో పుట్టినరోజు కాబోలనుకున్నాడు. తెర మీద కార్యక్రమం ముగిసిపోయింది.

ఒంటిగంట దాటాక శశికళ వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది. రంగనాథ ఎదురుగా లేచాడు. ఇద్దరి ముఖాలూ తప్పు చేసినవాళ్ళ ముఖాల్లాగే ఉన్నాయి.

"వింటిరా?" అంది ఆమె, మెల్లగా.

పాట అద్భుతం అనేస్తే పోతుందని ఆయన నోటిదాకా తెచ్చుకున్నాడు. కానీ ఆ పూట చెప్పిన ఆఖరి మాటలన్నీ చెల్లకుండా పోయాయి. ఇంకొకటి చెప్పే ఓపిక లేకపోయింది.

"లేదు. మిషన్ పలకలేదు. నమ్రతను అడిగినా, వైర్లన్నీ పీకినా. ఒక్క మాట గూడా వినలేదు."

శశికళ అక్కడే మూట మీద కూలబడింది.

"దేవుడు నా పక్కనుండాడు," అంది.

"అదేంది?"

"పాడనేలేదు. మాటల్లోనే టైము అయిపాయె. ఏమేమో చెప్పేసినా, మీ గురించి. బస్సులో వచ్చేంతసేపూ మీ ముఖం ఎట్ల చూడల్లా అనే యోచన."

"అయితే వంటింట్లో పాడనంటివే?"

"విని ఉంటే సిగ్గుతో ఇంక నోరు తెరిచేదాన్నే గాదు. వినలేదు గదా, ఇంకేం."

ఆయన లోపల తక్కెడ నిదానంగా సమానానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మంజునాథ లోపలికొచ్చాడు. వడల పొట్లం ఒకటి శశికళ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇది హోటలు తరఫున. నీ మాటలు వినేదానికి జనం వస్తానే ఉండిరి, ఇడ్లీ రెండుసార్లు వేయించినా. రంగనాథప్పా, నీ కంప్యూటరు నా స్పీకర్లో ఏం మోగిందప్పా. పాత బస్టాండు దాకా వినిపించినాది. చెవి సంగతి, కాలి సంగతి, అన్నీ."

శశికళ కొంగుతో ముఖం కప్పుకుంది. రంగనాథ మంజునాథను చూశాడు, సగం ఖాళీ అయిన గోదామును చూశాడు, తన కుడి పాదాన్ని చూశాడు. పొద్దుటి నుంచి జరిగిన బేరాలన్నీ ఒక్కసారి వెనక్కి నడిచివచ్చి వరసలో నిలబడ్డాయి.

"చప్పట్లు యాల కొట్టినారు?" అని అడిగాడు చివరకు.

మంజునాథ నవ్వాపుకున్నాడు. "అది ఆఖర్న అమ్మ చెప్పిన మాటకు. అది నేను చెప్పకూడదప్పా. మీ ఇంటి మాట అది."

ఆ మాట బస్టాండంతా విన్నది కనుక మనకూ తెలుసు. ఇన్నేళ్ళలో మా ఇంటాయన నా పాట బాగుందని ఒక్కసారీ అనలేదు, కానీ నేను వంటింట్లో పాట ఎత్తుకుంటే హాల్లో ఫ్యాను ఆగిపోతుంది, ఏప్రిల్ నెలలో గూడా, చెమటలు కారుస్తా కూచుంటాడు, నాకు తెలియదనుకుంటాడు, అంది శశికళ. 

మంజునాథ వెళ్ళిపోయాక రంగనాథ భార్య పక్కన ఇంకో మూట మీద కూర్చున్నాడు.

"ఏమన్నావు ఆఖర్న?"

"చెప్పను."

"ఊరంతటికీ చెప్పినావు గదా."

"ఊరికి చెప్పొచ్చు. ఊరు నా ఎదురుగా కూచుని అన్నం తినదు."

"ఏమిస్తే చెప్తావు?"

శశికళ వడల పొట్లం విప్పి, ఒకటి ఆయనకిచ్చి, ఒకటి తను తీసుకుంది.

"మండికల్‌లో మా అక్కగారింట్లో మూడు దినాలుండల్ల. మధ్యలో మార్కెట్టని లేయకూడదు."

"ఒక దినం."

"మూడు."

"ఒకటిన్నర. అక్కగారి ఆవులను గూడా చూసిపెడతా."

"మూడు."

రంగనాథ ఆమె చెవులు చూశాడు, చేతులు చూశాడు, పాదాలు చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె బేరం గుర్తు ఒక్కటీ కనిపెట్టలేదని అప్పుడు తెలిసొచ్చింది. వడ తిన్నంతసేపు ఆలోచించి, మూడు దినాలకు ఒప్పుకున్నాడు.

ఊరంతా ఉచితంగా విని తీసుకుపోయిన సరుకును, ఆయన ఒక్కడే పూర్తి ధర పెట్టి కొనుక్కున్నాడు.