బొత్తాలక్క అభ్యంతరం

భూమి గుండ్రంగా ఉంటుందని పండితులు ఏనాడో తేల్చేశారు. అది ఎవరిదో తేల్చే చిన్న పనిని మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వదిలేశారు. ఆ ఆఫీసు తొందరపడే రకం కాదు.

కుట్టు మిషను బొత్తాలక్కకు (కూలి తగ్గించమన్నవాళ్లకు బొత్తాలు కోసేసి ఇస్తుంది గనుక ఆ పేరు) సంగతి తెలిసింది ఎదురింటి పిన్ని వల్ల. పిన్నికి పాలవాడు చెప్పాడట. పాలవాడు కళ్లారా చూశాడట. అక్క కొన్న జాగాలోనే, అమ్మినాయన ఎవరో కొత్త మనిషిని వెంటేసుకుని టేపు పట్టి కొలుస్తున్నాడట.

"ఆ వచ్చినాయన బూట్లేసుకున్నాడటే," అంది పిన్ని, అసలు ప్రమాదమంతా బూట్లలోనే ఉన్నట్టు.

పదకొండేళ్లు మిషను తొక్కిన కష్టమంతా అక్క ఆ జాగాకే ధారపోసింది. అద్దె షాపు ఖాళీ చెయ్యమని ఓనరు పెట్టిన గడువు తరుముకొస్తోంది. చేతిలో ఉన్నది ఒప్పందం కాగితం ఒక్కటే. రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే అమ్మినాయన రేపు, మాపు అని తిప్పుతున్నాడు.

అత్తగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది. ఇలాంటివాళ్ల కోసమే అక్కడ కొనుగోలుదారుల ప్రయోజన పరిరక్షణ విభాగం ఉంది (ఫ్యాను ఈ విభాగానిది, గాలి పక్క విభాగానిది). పరిరక్షణాధికారి మర్యాదస్తుడు.

"భయపడకండమ్మా. అభ్యంతరం దాఖలు చెయ్యండి. అది పడిందంటే ఆ జాగా మీద చీమ కూడా సంతకం పెట్టలేదు."

ఫారంలో పద్నాలుగో గడి: ఎవరి రిజిస్ట్రేషన్‌పై అభ్యంతరం? బూట్లాయన పేరు అక్కకు తెలియదు. రేపు ఒళ్లు చేసినా పనికొస్తుందని ప్రతి జాకెట్టు లోపలా అంగుళం గుడ్డ మడిచి వదిలే చెయ్యి అది. ఇక్కడా అలాగే వదిలింది. "ఎవరైనా సరే" అని రాసింది.

ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారిగా ఒక కాగితం అందిన పూటే కంప్యూటర్లోకి ఎక్కింది.

వారం తిరిగేసరికి బూట్లాయన వెనక్కి తగ్గాడు. అమ్మినాయన దారికొచ్చి, "పద అక్కా, నీకే రాసిచ్చేస్తా," అన్నాడు. ఇద్దరూ కౌంటరు దగ్గర నిలబడ్డారు. గుమాస్తా ఏదో నొక్కి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ జాగా మీద అభ్యంతరం ఉందమ్మా."

"అది నేను పెట్టిందే బాబూ!"

"ఎవరు పెడితేనేం? ఎవరైనా సరే అని ఉంది. మీరూ ఎవరో ఒకరే కదా?"

కాదనడానికి అక్క దగ్గర ఆధారం లేదు.

"పోనీ, వెనక్కి తీసుకుంటా."

"అంత తేలిగ్గా కుదరదు. కొనేవాళ్లు బెదిరించి వెనక్కి తీయిస్తుంటారు. ఇక్కడ కొనేది మీరే. మిమ్మల్ని మీరు బెదిరించుకోలేదని విచారణలో తేలాలి."

ఒకే గడపకు రెండు నోటీసులు వచ్చాయి. ఒకటి అభ్యంతరదారుకు, ఒకటి కొనుగోలుదారుకు. తీర్పు వచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరాదని రెండింట్లోనూ హెచ్చరిక. మొదటి వాయిదాకు అక్క అభ్యంతరదారుగా ఎడమ కుర్చీలో కూర్చుంటే కుడి కుర్చీవారు గైర్హాజరని రాసుకున్నారు. రెండోసారి కుడి కుర్చీలో కూర్చుంటే ఎడమవారికి జరిమానా వేశారు. మూడోసారి తెలివి తెచ్చుకుని, కొనుగోలుదారు తరఫు ప్రతినిధిగా అత్తగారిని కుడి కుర్చీలో కూర్చోబెట్టింది (ప్రతినిధి ఫారం, రెండు ఫొటోలు).

"అవతలి పక్షం మీద మీకేమైనా ఫిర్యాదు ఉందా?" అడిగాడు పరిరక్షణాధికారి.

అత్తగారు ఎడమ కుర్చీలోని కోడలిని తేరిపార చూసింది.

"ఇన్నేళ్లకు ఆ మాట అడిగినవాడివి నువ్వే నాయనా," అని మొదలుపెట్టి, భోజనాల వేళదాకా ఆపలేదు. ఉప్పు ఎక్కువైన కూరలతో సహా అంతా రికార్డయింది.

మధ్యాహ్నం తీర్పు చదివారు. "ఉభయపక్షాల మధ్య వైరం వాస్తవమేనని తేలింది. అభ్యంతరదారు నెగ్గారు. సదరు కొనుగోలుదారు పేర ఆ జాగా ఎన్నటికీ రిజిస్టరు కారాదు." అధికారి కళ్లజోడు తీశాడు. "అభినందనలమ్మా. మీరే గెలిచారు."

అదే క్షణాన పక్క కౌంటరులో టపీమని ముద్ర పడింది. ఎదురుచూసి విసిగిన అమ్మినాయన అక్కడ నిలబడి ఉన్నాడు. పక్కనే బూట్లాయన వేలికంటిన సిరా తుడుచుకుంటున్నాడు.

"సార్, అదుగో! అదే నా జాగా! ఎవరైనా సరే అని రాశాను కదా!"

"రాశారు. కాని విచారణకు వచ్చిన 'ఎవరైనా' మీరొక్కరే. రానివాళ్ల మీద తీర్పు చెప్పడం అన్యాయం కదమ్మా?" అని అధికారి ఒక కాగితం ముందుకు జరిపాడు. "మా సేవల మీద అభిప్రాయం. మీ ప్రయోజనాన్ని కాపాడామా, లేదా? టిక్కు పెడితే చాలు."

అక్క పెన్ను ముట్టుకోలేదు.

"దుమ్ము పడకూడదని జాకెట్టుకు మెడా, చేతులూ కూడా మూసి కుట్టేస్తే, ఎవరు తొడుక్కుంటారు సార్?"