కొండమింగుడి నడక

ఆ రోజు బొమ్మలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్ళాం ఆఫీసుకి వెళ్ళాలి, కూతురు బడికి వెళ్ళాలి, వాళ్ళ వెనక తలుపు పడాలి, తను రాక్షసుడైపోవాలి. మధ్యాహ్నం భోజనం వేళకి మళ్ళీ మనిషైపోతే సరి.

వీధిలో అందరూ ఆయన్ని బొమ్మలాయన అనే పిలుస్తారు. టీవీలో వచ్చే మాయల సీరియల్‌కి కంప్యూటర్ మీద బొమ్మల్ని కదిలించడం ఆయన పని. ఎగిరే గుర్రాన్ని నోరు తెరుచుకుని నమ్మే జనం, ఆ గుర్రం రెక్కలు ఆడించేవాడు పని చేస్తున్నాడంటే మాత్రం నమ్మరు. అలా నమ్మనివాళ్ళలో మొదటివాడు ఆయన బావగారు, అంటే భార్యకి అన్నయ్య. కింది వాటాలోనే ఉంటాడు. వీధి చివర ఇనుప సామాన్ల కొట్టు ఆయనది. చేత్తో ఎత్తితే బరువు తెలియని వస్తువు అసలు వస్తువే కాదని ఆయన సిద్ధాంతం.

"లేనివాడికి కాళ్ళు గియ్యడం ఒకడి పని. గీసిన కాళ్ళని నడిపించడం ఇంకోడి పని. అది చూసి జీతాలివ్వడం మరొకడి పని. ముగ్గురిలో ఎవడికి పిచ్చో తేల్చుకోలేక చస్తున్నాననుకో" అనేవాడాయన, బొమ్మలాయన వినేలాగే.

బొమ్మలాయన చేసిన ముందటి సీరియళ్ళు రెండూ కథ సగంలో ఉండగానే మూతపడ్డాయి. యువరాజు ఒకచోట బావిలోనే ఉండిపోయాడు, ఇంకోచోట చిలకగానే మిగిలిపోయాడు. మూడోది మొదలైనప్పుడు బావగారు తీర్పు చెప్పేశాడు. "ఇది కూడా ఆగిపోతే మారుమాట్లాడకుండా కొట్టుకి వచ్చి కూర్చో బావా. మేకులు తూచు. కనీసం మేకులనేవి ఉన్నాయి లోకంలో." చెల్లెలు కూడా తలూపింది. మొగుడి తరఫున మాట్లాడ్డానికి ఆమె దగ్గర మాత్రం ఏముంది, బావిలో యువరాజు తప్ప?

ఇప్పుడు ఆ మూడోదానికీ గండం వచ్చింది. గండం పేరు కొండమింగుడు. కథలో యువరాణి వాడి నీడని దొంగిలిస్తుంది. వాడు ఆమె గది తలుపు బద్దలుకొట్టి, లోపలికి నడిచొచ్చి, వంగి మంచం కింద దాక్కున్న యువరాణిని బయటికి లాగాలి. అంతే సీను. బొమ్మలాయన మూడుసార్లు చేసి పంపితే, డైరెక్టరు మూడుసార్లూ తిప్పికొట్టాడు.

"రాక్షసుడు అబద్ధం. అబద్ధమని పిల్లలకీ తెలుసు. కానీ వాడి కాలు నేలకి తగలడం మాత్రం నిజమవ్వాలయ్యా! అది కూడా అబద్ధమైతే ఇక దేన్ని నమ్మి కూర్చుంటారు? నీవాడు కొండ మింగినవాడిలా లేడు, గాలి మింగినవాడిలా ఉన్నాడు. రేపు సాయంత్రం ఛానల్ మేడమ్ వస్తున్నారు. బరువైన నడక చూపిస్తే సీరియల్ ఉంటుంది. లేకపోతే నువ్వూ నేనూ వేరే పని చూసుకోవాలి" అన్నాడు.

డైరెక్టరుకి వేరే పని ఏముందో తెలియదు గానీ బొమ్మలాయనకి మేకులు సిద్ధంగా ఉన్నాయి.

ఈ వృత్తిలో ఒక పద్ధతుంది. బొమ్మ ఏం చెయ్యాలో ముందు తమ ఒంటితో చేసి, ఫోన్‌లో వీడియో తీసుకుని, దాన్ని చూస్తూ బొమ్మని కదిలిస్తారు. ఆఫీసులో చేస్తే కుర్రాళ్ళు పడీపడీ నవ్వుతారు కాబట్టి ఇంట్లో చేద్దామనుకున్నాడు. అయితే బొమ్మలాయన ఫ్యాను వేస్తే పక్కకి జరిగేంత సన్నం. ఆ ఒంట్లోంచి రాక్షసుడు రావాలంటే ఎక్కడినుంచో బరువు అరువు తెచ్చుకోవాలి. అందుకే ముందురోజు సాయంత్రం బావగారి కొట్టుకి వెళ్ళి పాత తూకం రాళ్ళు అడిగాడు.

"ఎందుకు బావా?"

"వ్యాయామానికి బావగారూ."

"నీ కండలకి ఇవెందుకు? రెండు మేకులు పట్టుకెళ్ళు, చాలు" అన్నాడాయన. అన్నా రాళ్ళు ఇచ్చాడు. నోరే గానీ మనిషి చెడ్డవాడు కాదు.

అనుకున్నట్టే తలుపు పడింది. బొమ్మలాయన పడకగది గడియ వేసుకుని, పెళ్ళాం స్కార్ఫులతో రెండు కాళ్ళకీ ఇనుపరాళ్ళు కట్టుకున్నాడు. పొడుగు తలగడకి ఆమె నైటీ తొడిగి, స్కెచ్ పెన్నుతో మొహం గీసి, యువరాణీ అని పిలిచి మంచం కిందికి తోశాడు. ఫోన్‌ని ఎవరి కాల్సూ మోగకుండా పెట్టి, బీరువా మీద నిలబెట్టి కెమెరా నొక్కాడు. సాయంత్రం మేడమ్‌కి చూపించడానికి, వీడియో తీస్తుండగానే దానంతటదే డైరెక్టరుకి చేరే ఏర్పాటు ముందే ఉంది. ఇక నడవడం మొదలుపెట్టాడు.

ధన్... ధన్... ధన్...

కింది వాటాలో బావగారు మోకాలు వాచి ఆ రోజు కొట్టుకి వెళ్ళలేదు. కుర్చీలో కాలు చాపుకుని కాఫీ నోటిదాకా తెచ్చుకున్నాడు. పైకప్పు నుంచి సున్నం రాలి కప్పులో పడింది. ఆయన పైకి చూశాడు. ఇంకాస్త రాలి కళ్ళలో పడింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మొగుడూ పెళ్ళాలన్నాక గొడవలుంటాయి. కాదనను. కానీ చేతికందే సామాన్లు విసురుకోండమ్మా, బీరువాలు వద్దు."

"నేను ఆఫీసులో ఉన్నా అన్నయ్యా."

బావగారు కప్పు కింద పెట్టాడు. "అయితే మీ ఆయన ఎవరితో పోట్లాడుతున్నాడు?"

సరిగ్గా అప్పుడే పైనుంచి గొంతులు వినపడ్డాయి. నడకకి మాట కూడా తోడైతే ఒళ్ళు ఇంకా బాగా కదులుతుందని బొమ్మలాయనకి తోచింది. ముందు బొంగురు గొంతు: "దొంగా! ఇల్లంతా గాలిస్తా! దొరికావో, నమిలి మింగుతా!" దాని వెంట సన్నటి ఆడగొంతు: "నన్నేం చెయ్యకు! ఇంకెప్పుడూ రాను! వెనక తలుపులోంచి వెళ్ళిపోతా!"

"విన్నావా?" అన్నాడు బావగారు.

"టీవీ పెట్టుకుని ఉంటారన్నయ్యా."

"టీవీ మంచం జరుపుతుందా?"

అవతల ఆమె గొంతు మారింది. "వచ్చేస్తున్నా. నువ్వు మాత్రం మెట్లెక్కకు. నీ మోకాలు..."

"మోకాలు నాది. పరువు మనది" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె మొగుడికి నాలుగైదుసార్లు ఫోన్ చేసింది. ఎత్తే దిక్కు లేదు. పర్మిషన్ అడిగితే మేనేజరు "ఏమ్మా, మీవారికి ఒంట్లో బాలేదా?" అన్నాడు. "ఇప్పటిదాకా బానే ఉన్నారు సార్. నేను వెళ్ళాక సంగతి చెప్పలేను" అని బ్యాగు తీసుకుంది.

బావగారు రెయిలింగు పట్టుకుని మెట్టుమెట్టుకీ ఒక తిట్టు చొప్పున పైకి వచ్చాడు. వీధి తలుపుకి రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. లోపలికొచ్చి పడకగది తలుపు బాదాడు.

"బావా! తలుపు తియ్!"

లోపల బొమ్మలాయనకి పొద్దుట్నుంచీ కుదరని నడక అప్పుడప్పుడే కుదురుతున్నట్టనిపిస్తోంది. సగం మనిషి, సగం కొండమింగుడుగా ఉన్నాడు. అలాంటప్పుడు ఎవరికీ తల తిన్నగా పనిచెయ్యదు.

"ఇప్పుడు కాదు బావగారూ! అమ్మాయి ఇప్పుడే మంచం కింద దూరింది!"

"ఏ అమ్మాయి?"

"యువరాణి!"

"ముద్దుపేరు కూడానా!" అన్నాడు బావగారు తలుపుతో. "ఎన్నాళ్ళనుంచి నడుస్తోందిది?"

"పోయిన నెల నుంచీ! మీకు తెలుసుగా! ఇవాళ దీని సంగతి తేల్చకపోతే మేడమ్ ఊరుకోరు!"

"మేడమా? ఇంకొకత్తి కూడా ఉందా?"

"ఆవిడే కదండీ మనకి తిండి పెడుతున్నది!"

బావగారు గోడకి ఆనుకున్నాడు. "మా చెల్లెలికి తెలుసా ఇదంతా?"

"ఆవిడకి మాత్రం చెప్పకండి బావగారూ, మీకు పుణ్యముంటుంది! తన నైటీ దీనికి తొడిగానని తెలిస్తే చంపేస్తుంది!"

అంతే. బావగారికి కళ్ళు బైర్లు కమ్మాయి. "తియ్యరా తలుపు!" అన్నాడు. బావా అనే పిలుపు అక్కడితో ఆగిపోయింది.

ఆ 'రా'తో బొమ్మలాయన పూర్తిగా మనిషయ్యాడు. "వస్తున్నా! కాళ్ళు కదలట్లేదండీ!"

"ఎలా కదుల్తాయ్! చేసిన పని అలాంటిది!"

కాళ్ళకి కట్టిన ముళ్ళు విప్పుకుందామని ఆయన కిటికీ పక్కన చతికిలబడ్డాడు. ఇంతలో బావగారు తలుపుకి భుజం ఆనించాడు. ఏనుగు తోసినా ఊడదని హామీ ఇచ్చి, ఆయనే స్వయంగా కొట్లోంచి తెచ్చి బిగించిన గడియ అది. మొదటి తోపుకే ఎగిరి బీరువాకి తగిలింది.

తర్వాత జరిగింది నడకంటే నడక కాదు. వాచిన కాలిని నేల మీద ఈడ్చి ఆనించి, ఒళ్ళంతా ఎత్తి, బాగున్న కాలి మీద పడేశాడు బావగారు. పడేసినప్పుడల్లా ముందు పాదం ఆగింది, తర్వాత భుజాలు దిగాయి, ఆఖరున బుగ్గలు వచ్చి చేరాయి. అద్దం బల్ల మీద సీసాలు గలగలలాడాయి. మూల చతికిలబడ్డ బొమ్మలాయన వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. మంచం పట్టె పట్టుకుని, మూలుగుతూ వంగి, కింద చెయ్యి పెట్టి గాలించాడు. నైటీ మెడ చేతికి దొరికింది.

"దొరికావే!" అని ఒక్క గుంజు గుంజాడు.

చేతిలో తలగడ వేలాడుతూ స్కెచ్ పెన్ను నవ్వు నవ్వింది. అదే సమయానికి ఆయన చెల్లెలు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, అది నా నైటీ."

"అది తెలుసమ్మా. లోపలున్నదెవరో తేలట్లేదు."

"లోపలున్నది నా తలగడ."

బొమ్మలాయన కాళ్ళకి రాళ్ళతోనే జరిగిందంతా చెప్పుకున్నాడు. అబద్ధం చెప్పి ఉంటే గౌరవంగా ఉండేది. నిజం అంతకంటే అధ్వాన్నంగా వినపడింది.

"నలభై దాటినవాడివి" అన్నాడు బావగారు, మంచం మీద కూలబడి మోకాలు నొక్కుకుంటూ. "తలగడతో దాగుడుమూతలాడి సంసారం నడుపుతున్నావా? రేపు పొద్దున్నే కొట్టుకి వచ్చెయ్. ఇక మాట్లాడేది లేదు."

బొమ్మలాయన పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నైటీ కుట్లు చూసుకుంటోంది.

"నువ్వు కూడా ఒక మాట..." అన్నాడు.

"నేను బండి మీద వస్తూ దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. ఎవరి కోసం? దూది కోసం!" అంది. "నాకు మేకులే నయం. వాటికి నైటీలు అక్కర్లేదు."

అన్నాచెల్లెళ్ళు వెళ్ళిపోయాక ఆయన ఫోన్ దించి చూసుకున్నాడు. వీడియో ఎప్పుడో డైరెక్టరుకి వెళ్ళిపోయింది, మొదటినుంచి చివరిదాకా. ఆపడానికి ఫోన్ చేస్తే డైరెక్టరు ఎత్తలేదు. మేడమ్ వచ్చే ఏర్పాట్లలో ఉండి ఉంటాడు. ఇక దాచడానికి పరువు కూడా మిగల్లేదు గనక బొమ్మలాయన రాళ్ళు తుడిచి, రేపు కొట్టుకి తీసుకెళ్ళడానికి సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం డైరెక్టరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఎవరయ్యా ఆయన?"

"ఎవరండీ?"

"తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినాయన! నువ్వు చేసింది కూడా చూశాంలే, కోడి బురదలో నడిచినట్టుంది. మేడమ్ ఇక లేవబోతుంటే ఈయన వచ్చాడు. ఆవిడ కుర్చీతో సహా వెనక్కి జరిగారయ్యా! ఆ కాలు ఈడ్వడం! ఆ బుగ్గలు! కొండ మింగితే మనిషి అలాగే నడుస్తాడు. నువ్వు ఒక్క పిసరు కూడా మార్చకు, ఉన్నదున్నట్టు దించు. సీరియల్ ఖాయం. ఇంకో ఏడాదికి ఒప్పుకున్నారు. ఏ నాటకాల కంపెనీ ఆయనది?"

"ఇనుప సామాన్ల కొట్టండి. మా బావగారు."

"ఆయనకి ఇంకోసారి కోపం తెప్పించగలవా?"

"అదెంత పని" అన్నాడు బొమ్మలాయన. ఆ రోజంతటిలో ఆయన ధీమాగా అన్న మాట అదొక్కటే.

మర్నాడు కొట్టుకి వెళ్ళి రాళ్ళు మాత్రం ఇచ్చేసి, సంగతి చెప్పాడు. వీడియో ఊసెత్తలేదు. బావగారు నమ్మలేనట్టు చూశాడు.

"ఏం చూసి ఒప్పుకున్నారు?"

"బరువు చూసి, బావగారూ."

"నీలోనా?" అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

కొన్ని వారాలకి ఆ భాగం టీవీలో వచ్చింది. బావగారిని పైకి పిలిచి, మంచి కుర్చీ వేశారు. తెరమీద తలుపు బద్దలైంది. కొండమింగుడు ఒక కాలు ఈడ్చి, ఒళ్ళంతా రెండో కాలి మీద పడేస్తూ వచ్చాడు. ముందు పాదం, తర్వాత భుజాలు, ఆఖరున బుగ్గలు. కూతురు తెర వైపు చూసింది, మావయ్య వైపు చూసింది, మళ్ళీ తెర వైపు చూసి నోరు తెరవబోయింది. తల్లి తొడపాశం పెట్టింది.

బావగారు చివరిదాకా రెప్ప వాల్చకుండా చూశాడు. అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"కథ బానే ఉంది బావా. కాదనను. ఆ యువరాణి మీద జాలేసింది. కానీ ఆ నడకేంటయ్యా? మనిషన్నవాడెవడైనా అలా నడుస్తాడా? కల్పనైతే మాత్రం, దానికీ ఓ హద్దుండాలి!"

"మీరు చెప్పింది నిజమే బావగారూ" అన్నాడు బొమ్మలాయన.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ మెట్ల వైపు కదిలాడు. అద్దాల బీరువాలో కప్పులు గలగలలాడాయి. బొమ్మలాయన చప్పుడు కాకుండా ఫోన్ తీసి ఆయన వెనకే నడిచాడు.

కొండమింగుడు కొండ దిగే సీను పై వారానికి ఇవ్వాలి.